క్షేత్ర పరిశీలనలో మడత చాకు: ఒంటి చేతితో సురక్షితంగా తెరిచే, మూసే పద్ధతులు

సారాంశం

పైరు పరిశీలన, తెగుళ్ల నిర్ధారణ, నమూనాల సేకరణ, అంటుకట్టడం వంటి పనుల్లో మడత చాకు నిత్యం అవసరమవుతుంది. ఒక చేయి మొక్కను గాని నమూనాను గాని పట్టుకొని ఉన్నప్పుడు చాకును రెండవ చేతితోనే తెరవవలసి వస్తుంది. ఈ పనిని చూసి నేర్చుకోవడమే గాని విధిగా బోధించడం మన కళాశాలల్లో అరుదు. చాకుల నిర్మాణ భేదాలు, అలుగు తిరిగే తీరు, ఒంటి చేతితో తెరిచే క్రమం, మూయడంలోని ప్రమాదం, అభ్యాస విధానం, శుభ్రత, ప్రథమ చికిత్స అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. లాకు లేని చాకును ఒంటి చేతితో తెరవరాదనీ, ఏ చాకునైనా రెండు చేతులతోనే మూయాలనీ ఇందులోని ప్రధాన సూచన.

ఉపోద్ఘాతం

సేద్య శాస్త్రంలో అనేక నిర్ధారణలు కోతతోనే మొదలవుతాయి. వరిలో మొవ్వ ఎండిన పిలకను చీల్చి చూస్తే గాని అది కాండం తొలిచే పురుగు పనియా, మరొక కారణమా అన్నది తేలదు. కంది ఎండినప్పుడు మొదలు దగ్గర కాండాన్ని చీలిస్తే నాళాల్లో గోధుమ లేక నల్లని చారలు కనిపించడం ఎండు తెగులుకు గుర్తు. చెరకు గడను నిలువునా చీల్చినప్పుడు ఎర్రబారిన కణజాలంలో అడ్డంగా తెల్లని మచ్చలు, పులిసిన వాసన ఉంటే అది ఎర్రకుళ్ళు. టమాట కాండాన్ని కోసి గాజు గ్లాసులోని తేట నీటిలో వేలాడదీస్తే పాల వంటి ధార దిగడం బాక్టీరియా ఎండు తెగులును సూచిస్తుంది. పత్తిలో గులాబి రంగు పురుగు ఉనికి పైకి కనిపించదు. ఎకరాకు 20 పచ్చికాయలు కోసి చూసినప్పుడు రెండింటిలో, అనగా 10 శాతం కాయల్లో నష్టం కనిపిస్తే సస్యరక్షణ చేపట్టవలసి ఉంటుంది. మొక్కజొన్న కాండం కుళ్ళు, మామిడి, బత్తాయి అంట్లు కూడా చాకుతో ముడిపడినవే.

సూక్ష్మదర్శిని వాడకానికి ప్రయోగశాలలో ఒక తరగతి కేటాయిస్తాము. పిచికారీ మందులకు ముందు జాగ్రత్తలు వల్లె వేయిస్తాము. చాకును మాత్రం విద్యార్థి జేబులోకి అలాగే పంపిస్తాము. దీని ఫలితం ఈ వ్యాసకర్త కుడి చూపుడు వేలిపై ఉంది. స్నాతకోత్తర విద్యార్థిగా ఉన్న రోజుల్లో, మోకాలి లోతు బురదలో నిలబడి, ఎడమ చేతితో వరి దుబ్బును పట్టుకొని, లాకు లేని స్ప్రింగు చాకును పంటితో లాగి తెరవడం నాకు అలవాటు. ఒకనాడు పిలకను చీల్చడానికి మొనను గుచ్చగా అలుగు వెనక్కి మడుచుకొని వేలిపై పడింది. గాయం చిన్నదిగానే కనిపించింది. కట్టు కట్టి మిగిలిన దుబ్బుల లెక్క పూర్తి చేసితిని. వేలిని మడిచే స్నాయువు తెగినదని మూడవ రోజున గాని తెలియలేదు. ఆ వేలు నేటికీ పూర్తిగా మడవదు. ఆనాటి పరిశీలన పట్టికకు ఇప్పుడు ఏ ఉపయోగమూ లేదు. వేలు మాత్రం ప్రతిరోజూ కావాలి.

చాకుల నిర్మాణ భేదాలు

ఒంటి చేతి పద్ధతి ఏ చాకుకు తగును, దేనికి తగదు అన్నది నిర్మాణాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

1. స్ప్రింగు చాకు: మన సంతలలో ఎక్కువగా దొరికేది ఇదే. పిడి వెన్నులోని బద్ద స్ప్రింగు అలుగు మొదలును ఒత్తి ఉంచుతుంది. లాకు ఉండదు. అలుగుపై గోటితో లాగేందుకు ఒక గాడి ఉంటుంది. గోటిగాడి ఉన్నదంటే ఆ చాకు రెండు చేతులతో తెరవడానికి ఉద్దేశించినదని అర్థం. కార్ల్ ఎల్సెనర్ 1891లో స్విట్జర్లాండ్ సైన్యానికి సరఫరా మొదలుపెట్టిన చాకుల సంప్రదాయం కూడా ఇదే.

2. ఉంగరపు లాకు చాకు: ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించిన కర్రపిడి చాకు దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దీనికి తిరిగే లోహపు ఉంగరం 1955లో చేరింది. అలుగు తెరిచాక ఉంగరాన్ని తిప్పితేనే లాకు పడుతుంది. కర్రపిడి తడిసి ఉబ్బితే అలుగు బిగుసుకుంటుంది. కాబట్టి మాగాణిలో దీనిని ఒంటి చేతితో తెరవబూనడం తగదు.

3. వెన్ను లాకు చాకు: పిడి వెన్నులోని మీట అలుగు మొదలులోని గంటులో దిగి బిగుస్తుంది. మూయడానికి ఆ మీటను నొక్కాలి.

4. లైనరు లాకు, చట్రపు లాకు చాకులు: పిడి లోపలి లోహపు రేకు గాని, పిడి చట్రంలోని ఒక భాగం గాని పక్కకు జరిగి అలుగు మొదలు వెనుక అడ్డుగా నిలుస్తుంది. ఇవి ఎక్కువగా కుడిచేతి వాటానికి తయారవుతాయి. ఎడమచేతి వాటం గల విద్యార్థులు ఈ విషయాన్ని కొనుగోలు సమయంలోనే గమనించాలి.

చివరి రెండు రకాల్లో అలుగుపై బొటనవేలికి ఆనే బుడిపె గాని, గుండ్రని రంధ్రం గాని ఉంటే అవి ఒంటి చేతితో తెరవడానికి తగినవి. అలుగులో గుండ్రని రంధ్రం పెట్టే పద్ధతిని స్పైడర్కో సంస్థ 1981లో ప్రవేశపెట్టింది. తడి చేతికి బుడిపె కంటే రంధ్రం మెరుగైన పట్టునిస్తుంది.

లాకు ఎందుకు అవసరమో ఒక ఉదాహరణ లెక్కతో గ్రహించవచ్చు. ఇరుసుకు 8 సెం.మీ. దూరంలో, మొన వద్ద, అలుగును మూసే దిశలో 1 కిలో బరువుకు సమానమైన బలం పడినదనుకొందాము. దాని భ్రామకం 8 కిలో-సెం.మీ. ఇరుసుకు 0.5 సెం.మీ. దూరంలో ఒత్తే స్ప్రింగు దీనిని నిలువరించాలంటే 16 కిలోల బలం చూపాలి. సాధారణ స్ప్రింగుకు అంత శక్తి ఉండదు. అందువల్ల స్ప్రింగు చాకుతో మొనను గుచ్చే పని, మెలితిప్పే పని చేయరాదు. వాదరను ఒకే దిశలో లాగి కోసే పనికి మాత్రమే అది తగినది.

అలుగు తిరిగే తీరు

మూసి ఉన్న చాకులో అలుగు వెన్ను బయటికి, వాదర పిడి లోపలికి ఉంటాయి. తెరిచేటప్పుడు అలుగు ఇరుసు చుట్టూ సుమారు 180 డిగ్రీలు తిరుగుతుంది. ఈ ప్రయాణంలో వెన్ను ముందు నడుస్తుంది, వాదర దానిని అనుసరిస్తుంది. మూసేటప్పుడు వాదరే ముందు నడుస్తుంది. ఈ ఒక్క విషయం స్పష్టమైతే మిగిలిన సూత్రాలన్నీ దాని నుంచే వస్తాయి.

తెరిచేటప్పుడు వేళ్లు గాడికి అడ్డుగా ఉంటే వెన్ను వాటిని తాకి ఆగుతుంది. అంతవరకు గాయం కాదు. అయితే సగంలో ఆగిన అలుగు వెనక్కి మళ్లితే వాదర వేళ్లపై పడుతుంది. అంటే అసలు ప్రమాదం తెరవడంలో కాక, సగం తెరవడంలో ఉన్నది.

రెండవ ప్రమాదం బొటనవేలిది. మూసిన అలుగు తనంతట తెరుచుకోకుండా చాలా చాకుల్లో లైనరుకు అమర్చిన చిన్న ఉక్కు గుండు అలుగులోని గుంటలో కూర్చుంటుంది. ఈ పట్టును విడిపించడానికి మొదట ఎక్కువ బలం కావాలి. గుండు గుంట నుంచి బయటపడగానే నిరోధం ఒక్కసారిగా తగ్గుతుంది. అప్పటికీ అంతే బలంతో తోస్తున్న బొటనవేలు బుడిపెను దాటి వాదర వైపు జారుతుంది. బొటనవేలి కొనను బుడిపెపై నిలువుగా నొక్కేవారికి ఈ గాయం అయ్యే అవకాశం ఎక్కువ.

ఒంటి చేతితో తెరిచే క్రమం

మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఇప్పుడు ఒంటి చేతితో తెరవడం నిజంగా అవసరమా? తరగతిలో ఒక విద్యార్థిని నన్ను, "నమూనాను ఒక్క నిమిషం కింద పెట్టి రెండు చేతులతో తెరిస్తే సరిపోదా?" అని అడిగినది. చాలా సందర్భాల్లో సరిపోతుంది. అటువంటప్పుడు అదే చేయాలి. చెట్టు కొమ్మను వంచి పట్టుకున్నప్పుడు, చీడ సోకిన భాగం చేయి వదిలితే రాలిపోయేటప్పుడు, నిచ్చెనపై ఒక చేయి ఆధారానికి అవసరమైనప్పుడు మాత్రమే కింది క్రమం వర్తిస్తుంది. ముందుగానే తెరిచిన చాకుతో గట్ల మీద నడవడం ఇంతకంటే ప్రమాదకరం.

1. స్థిరంగా నిలబడాలి. నడుస్తూ, గట్టు దాటుతూ, బురదలో కాలు లాగుకొంటూ చాకు తెరవరాదు. పాదాలను ఎడంగా ఉంచాలి. చాకు జారితే రెండు పాదాల నడుమ పడాలి. బురదలో కాలిని వెంటనే వెనక్కి తీయలేమన్నది గుర్తుంచుకోవాలి.

2. చేయి చాచినంత మేర చుట్టూ ఎవరూ లేరని చూసుకోవాలి. క్షేత్ర సందర్శనల్లో రైతులు, పిల్లలు దగ్గరగా మూగుతారు. వారిని ఒక అడుగు వెనక్కి జరగమని కోరడంలో సంకోచం అక్కరలేదు.

3. చేతిని, పిడిని పొడిగుడ్డతో తుడవాలి. చెమట, బురద, వేపనూనె, మందు ద్రావణం అన్నీ పట్టును తగ్గిస్తాయి. మందపు చేతితొడుగులతో స్పర్శ తెలియదు. అవసరమైతే చేతికి అతుక్కొని ఉండే పలుచని తొడుగులు వాడాలి.

4. పిడిని బొటనవేలి మొదలుకు, మిగిలిన నాలుగు వేళ్ల కొనలకు నడుమ పట్టుకోవాలి. వేళ్ల కొనలు పిడి పక్క తలంపై ఆనాలి. అవి అలుగు బయటపడే గాడిని చుట్టుకోరాదు. గాడి శరీరానికి ఎడంగా, నమూనా పట్టిన చేతికి దూరంగా ఉండాలి. చట్రపు లాకు చాకులో మరొక జాగ్రత్త అవసరం. వేళ్లు లాకు రేకుపై ఒత్తితే ఉక్కు గుండు మరింత బిగుస్తుంది, అలుగు కదలదు. చాకు గట్టిగా ఉన్నదని భావించి ఇంకా బలం పెట్టడమే అక్కడ జరిగే పొరపాటు.

5. బొటనవేలి మెత్తని భాగపు పక్క అంచును బుడిపెకు ఆనించాలి, కొనను కాదు. రంధ్రం ఉన్న చాకులో వేలి మెత్తని భాగం రంధ్రంలో కొద్దిగా దిగేటట్లు ఆనించాలి.

6. బుడిపెను ముందుగా పిడికి ఎడంగా బయటికి, ఆ తరువాత ముందుకు, ఒక చాపం గీసినట్లు తోయాలి. తిన్నగా ముందుకు నెడితే బలం ఇరుసుపై వృథా అవుతుంది. పట్టు విడిన క్షణంలో బలాన్ని తగ్గించి, వేలిని అలుగుతో పాటు నడిపించాలి.

7. అలుగు 90 డిగ్రీలు దాటాక ఆపరాదు. లాకు పడేవరకు ఒకే కదలికగా కొనసాగించాలి. వేలు జారినట్లు తోస్తే అలుగును వెంబడించక బొటనవేలిని వెంటనే పైకి తీసివేయాలి. నమూనాను వదిలి, రెండు చేతులతో చాకును మూసి మళ్లీ మొదలుపెట్టాలి.

8. "టక్" మన్న శబ్దంతో తృప్తి పడరాదు. లాకు రేకు అలుగు మొదలు వెనుక పూర్తిగా నిలిచిందో లేదో కంటితో చూడాలి. బురద, ఇసుక చేరితే శబ్దం వచ్చినా లాకు సగమే పడవచ్చు. ఆ తరువాతనే పిడిని కోతకు అనువుగా పిడికిలిలోకి మార్చుకోవాలి.

చేయకూడని పనులు

మణికట్టు ఝాడించి అలుగును విసురుగా తెరవడం యువకులకు ఆకర్షణీయంగా ఉంటుంది. ఈ పద్ధతిలో పిడి పట్టు సడలిన సమయంలోనే అలుగు అతివేగంతో కదులుతుంది. చాకు చేతి నుంచి ఎగిరిపోవచ్చు. లాకు పదేపదే దెబ్బతిని వదులవుతుంది. పంటితో లాగడం, అలుగును తొడకు రాసి తెరవడం, స్ప్రింగు చాకు అలుగును రెండు వేళ్లతో గిల్లి పట్టి పిడిని కిందికి జార్చడం కూడా విడనాడవలసిన అలవాట్లే. జారిపడుతున్న చాకును పట్టుకోబోరాదు. బురదలో పడిన చాకును చేతితో తడిమి వెదకరాదు, కర్రతో కదిపి చూడాలి. పిడికి పసుపు లేక నారింజ రంగు పట్టీ చుట్టి ఉంచితే వెదకడం తేలికవుతుంది.

కోతలోనూ ఒక నియమం పాటించాలి. పత్తికాయను అరచేతిలో ఉంచుకొని కోయడం మన పొలాల్లో తరచుగా కనిపించే దృశ్యం. గట్టి కాయ ఒక్కసారిగా తెగినప్పుడు వాదర అరచేతిలో ఆగుతుంది. కాయను చిన్న చెక్కపలకపై ఉంచి కోయాలి. పరిశీలన సంచిలో ఒక పలకకు చోటుండాలి.

మూయడం

మూసేటప్పుడు వాదర ముందు నడుస్తుందని చెప్పుకొన్నాము. కాబట్టి తెరవడం కంటే మూయడమే ఎక్కువ ప్రమాదకరం. పైగా పని ముగిసినదన్న భావంతో శ్రద్ధ సడలే సమయం కూడా అదే. తెరవడంలో ఉన్న తొందర మూయడంలో ఉండదు. నమూనాను సంచిలో వేసి, రెండు చేతులూ ఖాళీ చేసుకొని మూయాలి. ఒక చేతితో పిడిని పట్టి లాకును విడిపించి, రెండవ చేతి వేళ్లతో అలుగు వెన్నును పట్టి నెమ్మదిగా మడవాలి.

లైనరు లాకు చాకులో రేకును తోసే బొటనవేలు అలుగు దారిలోనే ఉంటుంది. అలుగు కొద్దిగా కదిలి లాకు విడిన వెంటనే ఆ వేలిని దారి నుంచి తీసివేసి, ఆ తరువాతనే మిగిలిన మడత పూర్తి చేయాలి. అలుగు మొదలులో కొంత భాగం పదును లేకుండా మొద్దుగా ఉన్న చాకులు కొంత రక్షణనిస్తాయి. మడిచేటప్పుడు వేలికి మొదట ఆ మొద్దు భాగమే తగులుతుంది. కొనుగోలు చేసేటప్పుడు దీనిని పరిశీలించడం మంచిది.

అభ్యాస విధానం

పొలంలో అభ్యాసం మొదలుపెట్టరాదు. వాదరపై మందపు గుడ్డ పట్టీని అంటించి, బల్ల ముందు కూర్చొని, బల్లపై గోనెసంచి పరచి మొదలుపెట్టాలి. పట్టీ మందంతో అలుగు పూర్తిగా మూసుకోకపోతే పదును లేని అభ్యాస చాకును వాడాలి. మొదట చాకును చూస్తూ 20 సార్లు, ఒక్కొక్క మెట్టును పైకి చెప్పుకొంటూ తెరవాలి. తరువాత నిలబడి, ఆపై ఎడమ చేతిలో ఒక కొమ్మను పట్టుకొని, చివరగా చేతిని తడిపి తుడుచుకొని అదే క్రమాన్ని పాటించాలి. ప్రతిసారీ రెండు చేతులతో మూయాలి. వేగాన్ని కొలవరాదు. అలుగు సగంలో ఆగకుండా, వేలు జారకుండా వరుసగా 20 సార్లు తెరవగలిగిన విద్యార్థికే పదును చాకును అనుమతించాలి. చేతి పరిమాణానికి మించిన పిడి, అతి గట్టి పట్టు ఉన్న చాకు అభ్యాసంతో లొంగవు. వాటిని మార్చుకోవడమే ఉపాయం.

శుభ్రత, పదును

చాకు మొక్క నుంచి మొక్కకు తెగుళ్లను మోస్తుంది. పొగాకు మొజాయిక్ వైరస్, నిమ్మజాతిలో ఎక్సోకార్టిస్ వైరాయిడ్ ఇందుకు ఉదాహరణలు. బాక్టీరియా నివారణకు 70 శాతం ఆల్కహాలుతో తుడవడం ఉపయోగపడుతుంది గాని, వైరాయిడ్‌కు ఆల్కహాలు గాని మంట గాని నమ్మదగినవి కావు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచి తీయాలి. ఈ ద్రావణం ఉక్కును తినివేస్తుంది. ఇరుసులో తుప్పు చేరిన చాకు మొరాయిస్తుంది. మొరాయించే చాకుపై బలం పెరుగుతుంది, వేలు జారుతుంది. అందుచేత ద్రావణం వాడాక మంచినీటితో కడిగి, ఆరబెట్టి, ఇరుసులో ఒక చుక్క పలుచని నూనె వేయాలి. మాగాణి నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ గాడిలోని ఇసుకను మెత్తని కుంచెతో తీసివేయాలి.

మొద్దు చాకు సురక్షితమన్నది అపోహ. దానికి ఎక్కువ బలం కావాలి, ఎక్కువ బలం అదుపు తప్పుతుంది. సాధారణ చాకుకు రెండు వైపులా సుమారు 20 డిగ్రీల కోణంలో సానరాయిపై పదును పెట్టవచ్చు. అంటు చాకులకు సాధారణంగా ఒకవైపే వాలు ఉంటుంది. వాటి రెండవ వైపును చదునుగానే ఉంచాలి.

గాయమైనప్పుడు

గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. మధ్యలో గుడ్డ తీసి చూడకుండా 10 నిమిషాలు అదిమి ఉంచాలి. రక్తం ధారగా వస్తుంటే కడగడం కోసం ఆలస్యం చేయక వెంటనే అదమాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు వేయరాదు. 10 నిమిషాల తరువాత కూడా రక్తం ఆగకపోయినా, వేలు మడవలేకపోయినా లేక చాచలేకపోయినా, వేలి కొన తిమ్మిరెక్కినా అదే రోజున ఆసుపత్రికి వెళ్లాలి. స్నాయువు, నరము తెగినప్పుడు పైగాయం చిన్నదిగానే ఉండవచ్చు. ఆలస్యమైన కొద్దీ వాటిని కలపడం కష్టమవుతుంది.

ధనుర్వాత క్రిమి బీజాలు మట్టిలోనూ పశువుల పేడలోనూ ఉంటాయి. కనుక పొలంలో అయిన గాయాన్ని శుభ్రమైన గాయంగా భావించరాదు. చివరి టీకా తీసుకొని 5 సంవత్సరాలు దాటినదేమో వైద్యునికి చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి ఎలుక జ్వరం కూడా గాయం ద్వారా సోకగలదు. అందువల్ల గాయమైన చేతితో ఆ రోజు మాగాణిలో దిగరాదు.

చట్టపరమైన గమనిక

మన ఆయుధ నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేక 2 అంగుళాలకు మించిన వెడల్పు గల కత్తులను ప్రత్యేకంగా పేర్కొంటూ, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు రూపొందినవాటిని మినహాయించాయి. పరిశీలనకు 7 లేక 8 సెం.మీ. అలుగు చాలు. విమానంలో చాకును చేతిసంచిలో ఉంచరాదు. బ్రిటన్‌కు చదువుకు వెళ్లే విద్యార్థులు అక్కడి నియమాన్ని తెలుసుకోవాలి. తగిన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో వెంట ఉంచుకోదగినది 3 అంగుళాలకు మించని, లాకు లేని మడత చాకు మాత్రమే. పొలంలో రక్షణగా భావించే లాకు అక్కడి వీధిలో అభ్యంతరకరమవుతుంది.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్త పొలంలో చేసే ప్రతి పనీ ఒక ప్రదర్శనే. రైతు మన మాటను వింటూనే మన చేతిని చూస్తుంటాడు. మనము చాకును ఝాడించి తెరిస్తే పక్కనున్న అతని కుమారుడు సాయంత్రానికి అదే సాధన చేస్తాడు. నిలబడి, చేయి తుడుచుకొని, చుట్టూ చూసి, చాకును తెరిచి, లాకును సరిచూసుకొని, రెండు చేతులతో మూస్తే అదీ అతడు నేర్చుకొంటాడు. ప్రథమ సంవత్సరపు క్షేత్ర అభ్యాసాల్లో దీనికి ఒక తరగతి కేటాయించాలని ఈ వ్యాసకర్త సూచన. ఆ తరగతికి అభ్యాస చాకులు, గుడ్డ పట్టీలు, ఒక గోనెసంచి తప్ప ఖర్చేమీ లేదు.